సున్నా దగ్గర గుర్తు

"తాతగారూ, ఈ గుర్తు అబద్ధం కదూ?"

నర్సు జున్‌యా మంచం మీదికి వంగి మెల్లగా అడిగింది. ఆమె చేతిలోని కాగితం మీద పది సెంటీమీటర్ల గీత ఉంది. రోగి గుర్తు ఎడమ చివర పెడితే వికారం అసలు లేనట్టు, కుడి చివర పెడితే ఇక భరించలేనట్టు. తైవాన్‌లోని కీలుంగ్ రేవు పక్కనున్న ఆ ఆసుపత్రికి వాంతులతో అత్యవసరంగా వచ్చినవాళ్లు మందు ఎక్కించే ముందొకసారి, అరగంట తర్వాత ఇంకోసారి దాని మీద గుర్తు పెట్టాలి. ఎంత తగ్గిందో స్కేలుతో కొలిచి రాసుకోవడం జున్‌యా పని.

వలలు బాగుచేసే షుయ్‌తు తాత అరగంట క్రితం ఎనభై నాలుగు మిల్లీమీటర్ల దగ్గర గుర్తు పెట్టాడు. ఇప్పుడు సున్నా దగ్గర పెట్టాడు. కానీ దుప్పటి కింద దాచిన వాంతి సంచి ఇంకా వెచ్చగానే ఉంది. మొహమంతా చెమట.

"గట్టిగా అనకమ్మాయ్. తెర అవతల మా ఆవిడ. అదీ ఇదే డోకుతో పడుంది. నాకు తగ్గలేదని తెలిస్తే బెంగపెట్టుకుంటుంది."

"ఏమిటా గుసగుసలు? తగ్గిందా లేదా ముసలాయనా?" తెర వెనక నుంచి గొంతు.

"ఎప్పుడో తగ్గింది! నీలాగా మూలుగుతూ పడుంటాననుకున్నావా?" అని అరిచి, తాత రెండు చేతులతో సంచిని నోటికి అదుముకున్నాడు. తర్వాత ఎడమ భుజం నొక్కుకున్నాడు.

జున్‌యా డాక్టర్ ఖాంగ్ దగ్గరికి పరిగెత్తింది.

"డాక్టర్ గారూ, ఆ తాతకొకసారి గుండె పరీక్ష చేయిద్దాం. చెమటలు పోస్తున్నాయి. భుజం లాగుతున్నట్టుంది."

"వాంతులైతే చెమటలు పట్టవా? మొగుడూ పెళ్లాం మధ్యాహ్నం ఆల్చిప్పల మాంసం వేసిన ఒకే అట్టు తిన్నారట. ఇద్దరికీ ఒకేసారి డోకు. ఇద్దరికీ ఒకేసారి గుండె పట్టేస్తుందా చెప్పు?" డాక్టర్ కళ్లు కంప్యూటర్ మీదే ఉన్నాయి. "కాగితం ఏమంటోంది?"

"సున్నా. కానీ ఆయన కావాలనే..."

"సున్నా అయితే ఇంటికి పంపించు. బయట ముప్పై మంది నిలబడి ఉన్నారు."

జున్‌యా మంచాల వైపు తిరిగి వచ్చింది. చేతిలో స్కేలూ పెన్సిలూ తప్ప ఏమీ లేవు. తెర ఇవతల తాత అప్పుడే చెప్పులు వెతుక్కుంటున్నాడు. జున్‌యా తెర దాటి, సెలైను సూది గుచ్చిన చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ముసలామె ముందు మోకాళ్ల మీద కూలబడింది.

"అమ్మమ్మా, తాత నిజం చెప్పడం లేదు. కనీసం మీరైనా నిజంగా ఎలా ఉందో పెట్టండి. మీకు తగ్గలేదంటేనైనా డాక్టర్ ఆయన్ని మళ్లీ చూస్తారేమో."

ముసలామె పెన్సిలు అందుకోలేదు. తెర వైపు ఒకసారి చూసి, జున్‌యా చెవి దగ్గరికి వంగింది.

"నాకు పొద్దుట్నుంచీ ఏ వికారమూ లేదమ్మా. రోగులు తప్ప ఎవరూ లోపలికి రాకూడదని గుమ్మంలో ఆపేస్తే, ఆయన్ని ఒంటరిగా వదల్లేక నాకూ వాంతులేనని చెప్పాను."