బుగ్గల గ్యాసు

"అది పేలదు కద బిడ్డా?" బాలమణి గడప దాటి లోపలికి రాలేదు. కొడుకు కంపెనీ పేలుడులో పోయినప్పటి నుంచి ఏ సిలిండరును చూసినా ఆమెకు దడే. ఇప్పుడు పుట్టినరోజు బెలూన్లలో నింపే సిలిండరు నట్టింట్లో ఉంది.

"బుగ్గల గ్యాసు పేలదు అత్తమ్మా. పీలిస్తే గొంతు మారుతది, సూడు." కోడలు స్వరూప బుగ్గ మూతి విప్పి గుక్కెడు పీల్చింది. "హ్యాపీ బర్త్‌డే హన్వీ!"

ఆ కీచు గొంతుకు మనవరాలు కిందపడి నవ్వింది. బాలమణికీ నవ్వు ఆగలేదు.

స్వరూప ఇంకో గుక్క పీల్చింది. "అత్తమ్మా, అమీన్‌పూర్ సంబంధం ఒప్పుకున్న. పాపను తీస్కొని..." అంతలోనే గొంతు మామూలైంది. "...పోత."

"మళ్లొక్కసారి అను మమ్మీ!" హన్వి చప్పట్లు కొట్టింది.

బాలమణి మొహంలో నవ్వు అట్లనే ఉండిపోయింది. "గీ ముచ్చట గిట్లనా చెప్పేది?"

"నా గొంతుతోని రాలేదు అత్తమ్మా."

బాలమణి మెల్లగా లోపలికొచ్చి కోడలి పక్కన కూలబడింది. ఆడబిడ్డ కొంగులో ఒడిబియ్యం పోసి సాగనంపేది తల్లిగారింటోళ్లు. స్వరూపకు తల్లి లేదు.

"ఒడిబియ్యం నేను పోస్త. పోసుకున్న బిడ్డ తల్లిగారింటికి వస్తపోత ఉండాలె," అంది మనవరాలి జుట్టు సవరిస్తూ. "వచ్చినప్పుడల్లా దీన్ని తోల్కొని రా."