గ్లాసుల అత్త

మూడో గ్లాసు దగ్గర ఆమె చెయ్యి ఆగింది. అంచుకి అద్దిన ఉప్పు ఒకచోట వేలికి గరుగ్గా తగల్లేదు. గ్లాసు కడిగి, ఆరతుడిచి, నిమ్మచెక్కతో అంచు తడిపి, ఉప్పు పళ్ళెంలో మళ్ళీ బోర్లించింది.

ఐదింటికి పన్నెండుమంది వస్తారు. అన్నయ్య పుట్టినరోజు. పార్టీ తన ఇంట్లోనే జరగాలని పట్టుబట్టింది ఆమే.

భర్త పోయిన ఈ రెండేళ్ళుగా అన్నయ్యది ఒకటే పాట. ఒక్కదానివీ ఎందుకు, ఆ ఫ్లాట్ అమ్మేసి మా ఇంటికి వచ్చెయ్ అని. ఈమధ్య వదిన కూడా గొంతు కలిపింది. మార్కెట్లో తను ఎదురుపడితే ఈమె పలకరించకుండా పక్కనుంచి వెళ్ళిపోయిందట. దిగులుతో మనిషి మనిషిలా లేదండీ అని ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది.

చివరికి అన్నయ్య ఒక మెట్టు దిగాడు. "సరే, పార్టీలో ఎప్పటిలాగే అందరికీ తాగేవి నీ చేత్తో ఇవ్వు. ఏ తేడా లేకుండా జరిగితే ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తను. తేడా వచ్చిందా, మారు మాట్లాడకుండా మాతో రావాలి."

ఆమె ఒప్పుకుంది. అన్నయ్య ఇంట్లో లోటేమీ ఉండదు. గది ఇస్తారు, వేళకి అన్నం పెడతారు. కానీ ఈ ఇంట్లో ప్రతి గడపా ఆమె పాదాలకి తెలుసు. అక్కడ తను ఒక మూల వేసిన కుర్చీ అయిపోతుంది.

ఒకప్పుడు బంధువుల్లో ఎవరింట్లో పార్టీ అయినా తాగేవాటి బల్ల ఆమెదే. పిల్లలు ఆమెకి 'గ్లాసుల అత్త' అని పేరు పెట్టారు. పొడుగు గ్లాసుల్లో పుదీనా సోడా. గళ్ళ గ్లాసుల్లో పుచ్చకాయ రసం. పొట్టివాటిలో అల్లం వేసిన నిమ్మరసం. ఆ లెక్క ఏనాడూ తప్పలేదు. పోసేటప్పుడు పక్కన ఎవరైనా మాట్లాడితే ఊరుకునేది కాదు. గ్లాసు నిండేకొద్దీ చప్పుడు సన్నబడుతుంది. అంచుకి వేలెడు వెలితి ఉండగా ఆపాలి.

ఈ పార్టీ కోసం ఎనిమిది రోజులు సాధన చేసింది. రోజూ పన్నెండు గ్లాసులూ నింపేది. తాగేవాళ్ళు ఎవరూ లేరు కనక సాయంత్రం సింకులో పారబోసేది. సోడా బుస్సుమంటూ పోతుంటే అక్కడే నిలబడి వినేది. ఆ ఎనిమిది రోజుల్లోనూ ఆ ఇంట్లో మాటంటూ వినబడితే అదే.

బెల్లు మోగింది. తలుపు తీసి నవ్వుతూ నిలబడింది. ముందు వాళ్ళే పలకరించారు. ఒక్కొక్కరినీ వరసపెట్టి పిలిచి లోపలికి రమ్మంది. పిన్ని మోకాళ్ళ నొప్పులు అడిగింది. మరిదిని, పార్టీ అంటే చాలు ముందే వచ్చేస్తావని ఏడిపించింది. వదిన కొత్త సెంటు బాగుందంది. వదిన ఉబ్బిపోయింది.

బల్ల దగ్గరికి వెళ్ళేసరికి అందరూ ఒక్కసారి 'అబ్బ' అన్నారు. మరిది ముందుగా తేరుకున్నాడు. ఇవి తాగడానికా, దండం పెట్టుకోవడానికా అన్నాడు. నవ్వులు. పుదీనా ఆకులు పెట్టి గడ్డకట్టించిన ఐసు ముక్కలు గ్లాసుల్లో గలగలమన్నాయి.

వదిన మాత్రం ఊరుకోలేదు. "అంతా బాగానే ఉంది గానీ, ఎర్రటి రసంలోకి ఈ నల్ల స్ట్రాలేమిటి? సంతాపసభకి పెట్టినట్టు."

ఆమె చేతిలో ట్రే కొంచెం ఒరిగింది. వెంటనే సర్దుకుంది.

"ఈ ఏడాది ఇదే ఫ్యాషన్ వదినా. నీకింకా తెలీదా?"

"అవునమ్మా, ఫొటోలో ఎలా వచ్చాయో చూడు," అని మేనకోడలు వంత పాడింది. "అత్తా, ఇటు తిరుగు."

ఆమె అటు తిరిగి నవ్వింది.

గంట గడిచింది. షుగరున్న పిన్నికి తీపి లేనిది వెళ్ళింది. పళ్ళు జివ్వుమనే మరిదికి ఐసు లేనిది వెళ్ళింది. ఒక్క గ్లాసు మారలేదు, ఒక్క చుక్క ఒలకలేదు. రెండో విడత అడిగి మరీ తాగారు.

అన్నయ్య కిటికీ పక్క కుర్చీలో కూలబడి, గొంతు సవరించుకున్నాడు.

"చెల్లాయ్, నేనే ఓడిపోయాను. నీ ఇల్లు నీదే. ఇంక ఆ మాట ఎత్తితే నన్నడుగు."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె ట్రే తీసుకుని వంటింట్లోకి వెళ్ళి, గోడకి ఆనుకుని కాసేపు ఊపిరి పీల్చుకుంది. రేపటినుంచి మళ్ళీ ఈ ఇల్లూ, తనూ. మాట్లాడేవాళ్ళుండరు. ఫరవాలేదు.

అన్నయ్యకిష్టమైన అల్లం నిమ్మరసం ఇంకో గ్లాసు కలిపింది. తేనె కాస్త ఎక్కువే వేసింది. హాల్లోకి వచ్చి, తిన్నగా కిటికీ దగ్గరికి నడిచి, గ్లాసు అందించింది.

"ఇది నీకోసం ప్రత్యేకం అన్నయ్యా. నువ్వామాట అన్నావు చూడు, చాలా రోజులకి ఇవాళ నాకు నిద్ర పడుతుంది."

అన్నయ్య పలకలేదు. మంచిమాట వింటే మొహమాటపడటం ఆయనకి చిన్నప్పటినుంచీ ఉన్నదే. ఆమె గ్లాసు చాచి అలాగే నిలబడింది.

"తీసుకో మరి. చెయ్యి లాగుతోంది."

హాల్లో మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

మేనకోడలు మెల్లగా దగ్గరికొచ్చి, అన్నయ్య లేచి వెళ్ళిన ఖాళీ కుర్చీకి గ్లాసు అందిస్తూ నవ్వుతున్న అత్త కళ్ళ ముందు తన అరచెయ్యి అటూ ఇటూ ఆడించింది, ఆ రెప్పలు కదల్లేదు.