దుబాసీ

పొదల్లో ఏదో కదిలింది.

"ఎవడ్రా అది? చేతులు పైకెత్తు!" సార్జెంట్ ఉర్మాస్ గావుకేక పెట్టాడు.

రెండు చేతులు పైకి లేచాయి. ఒక చేతిలో బుట్ట ఉంది.

వానలో తడిసి ముద్దయిన ఒక ముసలాయన. బుట్ట నిండా పుట్టగొడుగులు.

కెప్టెన్ హెల్లె తల పట్టుకుంది.

ఎస్తోనియాలో నాలుగు చినుకులు పడితే చాలు, జనమంతా బుట్టలు పుచ్చుకుని అడవి మీద పడతారు. అక్కడ సైన్యం విన్యాసాలు చేసుకుంటోందంటే ఎవరిక్కావాలి! ఏటా ఇద్దరు ముగ్గురు దారి తప్పి ఫిరంగుల మధ్యకి వచ్చేస్తారు. నాలుగు చీవాట్లు పెట్టి పంపేస్తారు.

ఈయన్నీ అలాగే పంపేసేవాళ్ళే. కానీ నోరు తెరిచాడు. రష్యన్ వచ్చింది.

ఉర్మాస్ మొహం మారిపోయింది. "గూఢచారి మేడమ్! మన కొత్త ఫిరంగులు లెక్కపెట్టుకుపోడానికి వచ్చాడు."

హెల్లె నవ్వలేకపోయింది. రష్యా సరిహద్దు ఎంతో దూరం లేదు. అవతలి వాళ్ళేమో ఊరికే ఉండే రకం కాదు. ఇన్నేళ్ళూ సైన్యాన్ని గాలికొదిలేసిన దేశం ఇప్పుడిప్పుడే కళ్ళు తెరిచి ఫిరంగులు కొంది. వాటిని పేల్చే మనుషులే లేరు. కుర్రాళ్ళు సైన్యంలో తప్పనిసరి ఏడాది ఎలాగో గడిపేసి, బతుకు జీవుడా అని ఇళ్ళకు పోతున్నారు.

హెల్లె ఆశలన్నీ జఖార్ మీదే. వాడిలా గురి చూసేవాడు దళంలో ఇంకొకడు లేడు. పాదాలు మరీ పెద్దవి కావడంతో సైన్యం దగ్గర వాడి కొలత బూట్లే లేవు. నెలల తరబడి ఇంటి నుంచి తెచ్చుకున్న రబ్బరు బూట్లతోనే కవాతు చేశాడు. ఒక్కనాడు సణగలేదు. రేపటితో వాడి ఏడాది పూర్తవుతుంది. అయినా ఉండిపోతానన్నాడు. వాడుంటే కొత్తవాళ్ళకి నేర్పుతాడు. వాడు పోతే ఆ ఫిరంగులు ఉత్త ఇనుమే.

జఖార్ వాళ్ళింట్లో మాట్లాడేది రష్యనే. హెల్లెకి ఆ భాష ముక్క రాదు. అందుకే ముసలాయన్ని కూర్చోబెట్టిన బంకర్లోకి వాణ్ణి పిలిపించింది.

జఖార్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"లోపలికి రారా, వాన కొడుతోంది!" ఉర్మాస్ కసిరాడు.

ముసలాయన గబగబా ఏదో చెప్పాడు. చాలాసేపే చెప్పాడు.

"ఏమంటున్నాడు?" అడిగింది హెల్లె.

"పుట్టగొడుగుల కోసం వచ్చాడట మేడమ్."

"ఇంతసేపు చెప్పింది అదేనా?"

"అదే మేడమ్."

ఉర్మాస్ బుట్ట బోర్లించాడు. పుట్టగొడుగుల అడుగున గుడ్డలో చుట్టిన క్యాబేజీ రొట్టెలు, ఎర్రంచు ఉన్ని మేజోళ్ళు.

"ఇంత తిండి ఎవరికి మోసుకొచ్చాడో అడుగు."

"తనకేనట."

"ఈ మేజోళ్ళు?"

"అవీ తనవేనట. తడిస్తే మార్చుకోడానికట."

"అబద్ధాలకోరు ముసలోడు! అదీ చెప్పు. అలాగే చెప్పు."

జఖార్ చెప్పాడు. ముసలాయన తలూపాడు.

హెల్లెకి జాలేసింది. "ఈ చుట్టుపక్కల నీవాళ్ళెవరైనా ఉన్నారా తాతా? ఈయన నాకు తెలుసు అని ఒక్కరు మాటిస్తే చాలు, ఈ క్షణమే వదిలేస్తాను."

జఖార్ ఆ మాట కూడా చెప్పాడు. ముసలాయన వాడి వంకే చూసి చిన్నగా నవ్వి, ఒకే ఒక్క ముక్క అన్నాడు.

"ఎవరూ లేరట మేడమ్," అన్నాడు జఖార్, కింద పడ్డ పుట్టగొడుగుల వైపు చూస్తూ.

ఇక చేసేదేముంది! భద్రతా పోలీసులు వచ్చేదాకా వదలకూడదు. వాళ్ళేమో సాయంత్రానికి గానీ రాలేమన్నారు. జఖార్‌నే కాపలా ఉంచింది.

పొద్దంతా ముసలాయన తడిబట్టలతో బల్ల మీద ముడుచుకుని కూర్చున్నాడు. తప్పు చేస్తున్నానేమోనని హెల్లె మనసు పీకుతూనే ఉంది. వదిలేస్తే, రేపు ఏదైనా జరిగితే? వదలడానికీ లేదు, ఉంచడానికీ మనసు రాదు. తనే బంకర్లో ఇరుక్కుపోయినట్టయింది. మధ్యలో ఒకసారి తొంగి చూస్తే, జఖార్ కోటు ముసలాయన భుజాల మీద ఉంది. మంచి పిల్లాడు, అనుకుంది.

సాయంత్రం పోలీసులు వచ్చారు. ఆరా తీసి నవ్వేశారు.

"గనిలో పనిచేసి రిటైరైన పెద్దాయన. ఏ మచ్చా లేదు. పంపేయండి."

"పొరపాటైపోయింది తాతా," అంది హెల్లె. ఈసారి దుబాసీ అక్కర్లేకపోయింది. ముసలాయన కోటు తీసి మడతపెట్టి బల్ల మీద ఉంచాడు. ఖాళీ బుట్ట తీసుకుని, ఆమెకొక నమస్కారం పెట్టి, జఖార్ వైపు చూడకుండానే వెళ్ళిపోయాడు.

మేజోళ్ళు బల్ల మీదే ఉండిపోయాయి.

"పరిగెత్తి ఇచ్చిరారా," అంది.

జఖార్ వాటిని తీసుకుని పరిగెత్తాడు.

మర్నాడు ఉదయం వాడు ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నేను ఉండను మేడమ్. ఇంటికి వెళ్ళిపోతాను."

"అదేంట్రా! మాటిచ్చావు కదా! నువ్వు పోతే ఆ ఫిరంగుల దగ్గర ఎవరున్నారు నాకు?"

వాడు తల దించుకున్నాడు. ఆమె చూపూ కిందికి దిగింది. బూట్ల పైన ఎర్రంచు.

"ఇవి ఆయనవి కదా! ఇవ్వలేదా?"

"ఇచ్చాను మేడమ్. తీసుకోలేదు. నాకోసమే అల్లించాడట."

"నీకోసమా? మరి... నిన్న అంతసేపూ ఆయన నీకేం చెప్పాడు?"

జఖార్ కళ్ళు తుడుచుకున్నాడు.

"'నన్ను ఎరగవనే చెప్పు బాబూ, లేకపోతే వీళ్ళు నిన్నూ నమ్మరు' అన్నాడు మేడమ్, మా తాత."