అడ్డదారి

దారి రెండుగా చీలిన చోట అతను జీపు ఆపాడు.

ఎడమవైపు నల్లగా నిగనిగలాడే తారు రోడ్డు. కొత్త వంతెన మీదుగా ఏరు దాటితే, పిల్లలు నెల రోజులుగా అడుగుతున్న మైదానం ఇరవై నిమిషాల్లో వచ్చేస్తుంది. గుడారం వేసుకుని ఒక రాత్రి ఉండి రావాలని వాళ్ళ సరదా. కుడివైపు, అక్కడికే చుట్టు తిరిగి పోయే, ట్రాక్టర్లు కూడా తిరగడం మానేసిన బురద బాట.

వెనకే ఒక వ్యాను వచ్చి ఆగింది. దాన్నిండా పిల్లలు, ముసలివాళ్ళు. నడుపుతున్నాయన తల బయటపెట్టాడు.

"అన్నా, కొత్త వంతెన మీద బళ్ళు వదులుతున్నారా?"

"వదులుతున్నారు. వెళ్ళండి," అన్నాడు అతను.

వ్యాను తారు రోడ్డెక్కింది. అతను స్టీరింగు కుడివైపు తిప్పాడు.

"అదేంటండీ?" అంది పక్కసీట్లోంచి భార్య. "వాళ్ళని అటు పంపి, మీరు ఇటు తిప్పారేం?"

"జీపు కొన్నది రోడ్డు మీద నడపడానికా?"

వెనక కూర్చున్న బావమరిది నవ్వాడు. పన్నెండేళ్ళ కూతురూ ఆరేళ్ళ కొడుకూ కేరింతలు కొట్టారు. పోయిన నెలలో ఒకేసారి రొక్కం కట్టి తెచ్చిన జీపు. దానికిదే మొదటి షికారు.

ఆ సంబరం పావుగంట కూడా నిలవలేదు.

గుంతలో పడ్డప్పుడల్లా తలలు పైకప్పుకి కొట్టుకున్నాయి. పిల్లాడి ముఖం పాలిపోతుంటే తల్లి వాణ్ణి ముందుకి లాక్కుని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. పొద్దున తిన్న గుడ్డూ రొట్టే వాడు ఆమె ఒళ్ళోనే కక్కేశాడు. ఆ పులిసిన వాసన భరించలేక అద్దం దించితే, బయట గుంటలో ఉబ్బిపోయిన పంది కళేబరం. దాని మీంచి లేచిన ఈగలు నేరుగా జీపులోకి వచ్చి ఆమె చీర మీద వాలాయి.

"వెనక్కి తిప్పండి," అంది ఆమె కొంగుతో ముక్కు మూసుకుని.

అతను గేరు మార్చాడు. మామూలుగానే ఏ సంగతీ విడమరిచి చెప్పే మనిషి కాదు.

మధ్యాహ్నానికి, ఏరు పలచబడి పారే చోట చక్రాలు ఇరుసుల దాకా దిగబడ్డాయి. బావమరిదీ, భార్యా, కూతురూ దిగి నెట్టారు. అతను సీట్లోంచి కదలకుండా ఇంజను రంకెలేయించాడు. కుళ్ళిన ఆకుల బురద ముగ్గురి ముఖాల మీదా చిమ్మింది. కొంత బావమరిది నోట్లోకి పోయింది. జీపు గట్టెక్కాక చూస్తే కూతురి పిక్కలకి మూడు జలగలు, రక్తం తాగి బలిసి వేలాడుతున్నాయి. తల్లి ఒక్కొక్కటే పీకుతుంటే ఆ పిల్ల ఏడవలేదు. కన్నతండ్రి వంక, ఆ జలగల వంక చూసినట్టే చూసింది.

మైదానం చేరేసరికి నాలుగు దాటింది. వ్యానువాళ్ళు ఎప్పుడో వచ్చి మెరక మీద గుడారాలు వేసుకున్నారు. వాళ్ళ పిల్లలు ఉతికిన బట్టల్లో బంతి ఆడుకుంటున్నారు. మిగిలిన చోటంతా చిత్తడే.

వ్యాను నడిపినాయన చెయ్యూపాడు. "మంచి దారి చెప్పావన్నా. సాఫీగా వచ్చేశాం."

అతను ముఖం తిప్పుకుని గుడారం మేకులు వెతుక్కున్నాడు.

బావమరిది ఏట్లో నోరు పుక్కిలించి వచ్చి సంచీ భుజానికి తగిలించుకున్నాడు. "నా వల్ల కాదు బావా. రోడ్డెక్కితే ఏదో ఒక బండి దొరుకుతుంది. ఇంటికి పోతా."

అతను ఒక్క అంగలో వచ్చి సంచీ లాక్కున్నాడు. పట్టీ తెగింది.

"వచ్చినవాళ్ళందరం కలిసే పోతాం. నాతో, నేను వచ్చిన దారినే."

"నేనేమన్నా నీ జీతగాణ్ణా?"

"తమ్ముడూ, ఊరుకో," అంది అక్క. భర్తతో గొడవపడటానికి కూడా ఆమెకి రోత పుట్టింది. పదిహేనేళ్ళుగా ఒకే కంచంలో తిన్న మనిషి. ఆ రోజు అతను అందించిన మంచినీళ్ళ గ్లాసు ముట్టుకోబుద్ధి కాలేదు. గుడారంలో పిల్లలిద్దరినీ మధ్యన పడుకోబెట్టి, ఆ చివరకి జరిగి అటు తిరిగి పడుకుంది.

తెల్లవారి వ్యానువాళ్ళు ముందు బయల్దేరారు. వంతెన మీద వాళ్ళ బండి అగ్గిపెట్టెంత కనిపించింది. అది అవతలి ఒడ్డు చేరేదాకా అతను రెప్ప వేయకుండా చూస్తూ నిలబడ్డాడు.

"అంత కుళ్ళెందుకు?" అంది భార్య. "మనమూ అలాగే పోవచ్చు. పిల్లాడు నిన్నటి నుంచి మెతుకు ముట్టలేదు. ఈసారి వంతెన మీద నుంచే పోనివ్వండి."

"బురద దారే."

"వాడు మళ్ళీ కక్కుకుంటే?"

"కక్కుకోనీ."

"ఛీ, మీరూ ఒక తండ్రేనా?"

అతను జీపు తలుపు తీసి పట్టుకున్నాడు.

"నన్ను ఎంతైనా అసహ్యించుకో. నా పిల్లల్ని మాత్రం దాని మీద ఎక్కించను."

ఆ వంతెనని పరీక్షించి, ఎంత బరువైనా మోస్తుందని పోయిన నెలలో సంతకం పెట్టిన ఇంజనీరు అతనే.