తొమ్మిదో సీసా

పరిశోధక విద్యార్థిని నాలుగేళ్ల కష్టాన్ని కాజేయడానికి ప్రొఫెసర్‌కు నాలుగు నిమిషాలు పట్టింది.

భోజనాల వేళ ల్యాబ్ ఖాళీ. మారు తాళంచెవితో ఆమె బీరువా తెరిచాడు. కార్బన్ ఉంగరాల్లో నైట్రోజన్, సల్ఫర్ పొదిగి ఆమె తయారుచేసిన కొత్త పదార్థాలు చిన్న సీసాల్లో ఉన్నాయి. పేర్లు లేవు, అంకెలే. పక్కనే గాజు పళ్ళెం. అందులో మీగడలా పేరుకున్న సూక్ష్మజీవులు, వాటి మధ్య తొమ్మిది గుంటలు, గుంటకో సీసాలోని చుక్క. ఎనిమిదింటి ప్రభావం అంతంతమాత్రం. తొమ్మిదో గుంట చుట్టూ మాత్రం కోటు గుండీ అంత మేర ఒక్క క్రిమీ బతకలేదు.

"మట్టిబుర్ర! చేతిలో వజ్రముందని దానికే తెలీదు."

తెలివి ఉంటే పోయిన వారం అలా చెయ్యి చాపుతుందా? తను గొంతునొప్పికి యాంటీబయాటిక్ వేసుకుంటుంటే, "సార్, నాకొక బిళ్ళ ఇస్తారా?" అంది.

"కొనుక్కునే గతి కూడా లేదా అమ్మాయ్?" అంటూ ఒకటి విసిరాడు. అంతకుముందు ఆమె తెచ్చిన కొనుగోలు కాగితాన్ని కూడా చదవకుండానే బుట్టలో వేశాడు.

పళ్ళేన్ని ఫొటో తీసుకుని, తొమ్మిదో సీసాలో సగం తన సీసాలోకి ఒంపుకున్నాడు. ఈ దెబ్బతో డైరెక్టర్ కుర్చీ తనదే.

మర్నాడు ఎంపిక సభలో ఫొటో తెరమీద వెలిగింది.

"ఈ తొమ్మిదోది నేను కనిపెట్టిన కొత్త మందు. పదేళ్ల తపస్సండీ!"

బయటినుంచి వచ్చిన నిపుణురాలు కళ్ళజోడు సవరించుకుంది. "బాగుందండీ. పోలిక కోసం ప్రతి పళ్ళెంలో తెలిసిన మందు ఒకటి పెడతాం కదా. అదెక్కడ?"

ఆయన పళ్ళెం ముట్టి పదిహేనేళ్లయింది. సభలోకి వేలు చూపాడు.

"అలాంటి చిల్లర పనులు మా అమ్మాయి చూసుకుంటుందండీ. ఏమ్మా, చెప్పు!"

వెనక వరుసలో ఆమె లేచి నోటుబుక్కు తెరిచింది. "కొలిచేటప్పుడు పక్షపాతం రాకూడదని అన్నిటికీ అంకెలే వేశాను మేడమ్. తెలిసిన మందు తొమ్మిదోది."

సభలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"స్టోర్లో అయిపోతే కొనడానికి సార్ సంతకం పెట్టలేదు. అందుకే, గొంతునొప్పికి తను వేసుకుంటూ సార్ నాకు విసిరిన బిళ్ళనే నూరి కలిపాను."