వొంచురి మొలకల పరీక్ష

“ఇదేమిటో చెప్పు.”

మాల్సున్ ఓ పచ్చటి మొలకను కోడలి ముక్కు దగ్గర పెట్టింది. యొంజు దాన్ని తిప్పి చూసి, వేలితో నిమిరింది.

“వొంచురి, అత్తయ్యా. నున్నగా ఉంది. తినొచ్చు.”

“మరి ఇది?”

“దీనికి నూగుంది, మడతలు లోతుగా ఉన్నాయి. యొరో. తింటే వాంతులే.”

“ఖాయమేనా? తొందరపడకు, ఇంకోసారి చూడు.”

యొంజు ఇంకోసారి చూసింది. ఏటా వసంతంలో తొలి మొలకల భోజనానికి ఊరి ఆడవాళ్లంతా ఈ ఇంటికే వస్తారు. కొండెక్కి ఏరడం, వండడం ఎప్పుడూ మామగారి తల్లే చేసేది. ఆవిడ మొన్న చలికాలంలో పోయింది. యొంజు పుసాన్ నగరంలో పెరిగిన పిల్లే అయినా, పెళ్లయినప్పటి నుంచీ ఆ ముసలావిడ వెంటపడి తిరిగి నేర్చుకుంది. ఇవాళ ఈ పరీక్ష తప్పితే ఇక ఈ వంటింట్లో గిన్నెలు కడుక్కోవడమే తన బతుకు.

“కావాలనే రెండూ కలిపి కోసుకొచ్చా,” అంది మాల్సున్, నడుం మీద చేతులు పెట్టుకుని. “నేను మా అత్తగారి వెనక సంచి మోసినప్పటికి నువ్వు పుట్టనేలేదు. ఒక్కొక్కటీ ఎందుకు తీస్తున్నావో చెప్పి మరీ వేరు చెయ్యి.”

“బుట్టెడూనా అత్తయ్యా?”

“మరి? సగం చూసి, ఊళ్లో సగం మందినే బతికిస్తావా?”

యొంజు బుట్టెడూ వేరు చేసింది. విషపు వాటిని గోతిలో పూడ్చింది. మంచివి ఉడకబెట్టి, నీళ్లు మార్చి మార్చి నానబెట్టి, గట్టిగా పిండేసి, మిరపముద్ద, వెనిగర్, నువ్వుల నూనె వేసి కలిపింది. మాల్సున్ ఒక్కసారీ మెచ్చుకోలేదు, ఒక్కసారీ తప్పూ పట్టలేదు. చివరికి మాత్రం, “ఇక నుంచి కొండకి నువ్వే వెళ్లు,” అంది. యొంజుకు ఆనందంతో కళ్లు చెమర్చాయి.

మధ్యాహ్నం అందరూ పొట్టి భోజనబల్లల చుట్టూ కూర్చున్నారు. మాల్సున్ గిన్నెను మొగుడి ముందుకు తోసింది.

“కానివ్వండి. ఇంటికి పెద్దవారు. మీరు మొదలుపెట్టందే ఎవరూ ముట్టరు.”

ఆయన ఇంత ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

“అచ్చం అమ్మ చేతి రుచే!” అని నములుతూ పెళ్లాం వైపు వంగాడు. “పరీక్ష గట్టిగా పెట్టావటగా. అన్నీ సరిగ్గానే చెప్పిందా?”

మాల్సున్ ఆయన మింగేదాకా ఆగి, చెవిలో అంది:

“నాకేం తెలుసండీ?”