ఇస్త్రీ చొక్కా

టప్‌మని కంప్యూటర్ మళ్లీ ఆరిపోయింది.

యమున గడియారం చూసింది. పదకొండింటికే ఆన్‌లైన్ ఇంటర్వ్యూ! హైదరాబాదులో బట్టల డిజైన్ల కంపెనీ. ఇంట్లోంచే చేసుకునే ఉద్యోగం, ఉన్న ఖాళీ ఒకే ఒక్కటి. ఫోన్లో కుదరదు, అడిగిన డిజైన్ అప్పటికప్పుడు వేసి చూపించాలి.

కొత్త కుర్తా నలిగినా సరేనని బల్ల కింద దూరింది. పాత టూత్‌బ్రష్‌తో దుమ్ము దులిపింది. ప్లగ్గు మార్చింది. వెలిగింది! మళ్లీ ఆరింది.

"మొత్తుకోకు బిడ్డా! పైన కొత్తగ దిగిన పిలగాన్ని పిలుస్త. ఎప్పుడు జూడు కంప్యూటర్ ముంగటనే ఉంటడు" అంటూ తల్లి అనసూయ పరుగెత్తింది.

అతను వచ్చాడు. పైన తెల్లటి ఇస్త్రీ చొక్కా, మెడ దాకా గుండీలు. కింద గళ్ల లుంగీ. అంత కంగారులోనూ యమునకు నవ్వు ఆగలేదు.

"ఏందన్నా, పెండ్లికి పోతానవా?"

"గసొంటిదే చెల్లె."

ఆన్ చేసి, ఆరేలోపు కంప్యూటర్ పెట్టెలో చెయ్యి పెట్టి చూశాడు. "ఫ్యాను తిరుగుతాంది, వేడి లేదు. పవర్ సప్లై పోయినట్టుంది. గీ డబ్బా మార్చాలె."

"కొనుక్కొచ్చే టైం లేదన్నా! ఇంటర్వ్యూ ఉన్నది. నా డిజైన్లన్నీ దీంట్లనే ఉన్నయి!"

అతను ఆమె ముఖంలోకి చూశాడు. "ఎంతసేపట?"

"అర్ధగంటేనట."

"అయితే సరిపోతది. ఫికర్ చెయ్యకు."

ఒక్క ఉరుకున పైకెళ్లి, తన కంప్యూటర్లోని డబ్బానే ఊడదీసి తెచ్చి బిగించాడు.

"అయిపోంగనే జర జల్ది ఇయ్యి చెల్లె. నాక్కూడ పనున్నది."

వెలిగింది! ఆరలేదు! ఇంటర్వ్యూ మొదలైంది.

ఒక చీర అంచు వెయ్యమన్నారు. వేసింది. "భలే! ఇంకోటి" అన్నారు. ఇంకోటి, మరోటి. యమున కాళ్లు నేల మీద లేవు. అర్ధగంట ఎప్పుడు దాటిందో తెలియదు.

కిటికీ అవతల తెల్ల చొక్కా అటూ ఇటూ తిరుగుతోంది. ఒకసారి ఆగి చేతి గడియారం చూపించింది.

కాసేపాగితే కొంపలేం మునిగిపోవు కదా! యమున అటు చూడకుండానే ఆగమన్నట్టు చెయ్యి ఊపింది.

చివరికి తెర మీది మేడం నవ్వింది. "కంగ్రాట్స్ యమునా! ఉద్యోగం నీదే."

తలుపు దగ్గర అనసూయ ఎగిరి గంతేసినంత పని చేసింది.

"నిజానికి నీ తర్వాత ఇంకో అబ్బాయి ఉండాలి" అంది మేడం. "ఎంత చూసినా లాగిన్ కాలేదు. అందుకే నీతో తీరిగ్గా మాట్లాడాం. చిత్రమేమిటంటే, అతనిదీ మీ కాశిబుగ్గే. ఇంటి నంబరు కూడా మీదే."

యమున కిటికీ వైపు తిరిగింది. అతను గుండీలు విప్పుకుంటూ నెమ్మదిగా మెట్లెక్కుతున్నాడు.

లుంగీ మీద ఆ ఇస్త్రీ చొక్కా ఎందుకో, కొత్త కుర్తా కింద, కెమెరాకు కనిపించని తన పాత నైట్ ప్యాంటును చూసుకున్నాక గానీ యమునకు అర్థం కాలేదు.